సత్తయ్య కల్లుకు వెళ్లలేదు

ఎనిమిదేళ్లపాటు ఒక మంచి మనిషిని ఒట్టు తప్పినవాడిగా బతకనిచ్చాను. నేనేమీ నింద వెయ్యలేదు. వేస్తున్నవాళ్ల ముందు నోరు మూసుకున్నాను, అంతే. అంతే అని రాయడం తేలిక. ఆ మౌనాన్ని మోసుకుంటూ అదే వీధిలో తిరగడం ఎలా ఉంటుందో మీకెలా చెప్పను? మీరు నా ఎదురుగా లేరు కాబట్టే ఈ మాత్రమైనా చెప్పగలుగుతున్నాను.

నాచారంలో మా అపార్ట్‌మెంట్‌కు కాస్త అవతల సత్తయ్య ఇస్త్రీ బండి ఉండేది. ఇస్త్రీ చేసిన బట్టలు సైకిల్ మీద ఇంటింటికీ తెచ్చి ఇచ్చేవాడు. ఒకప్పుడు కల్లు బాగా తాగేవాడట. కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మానేశాడు. మానేసి రెండేళ్లయిందని అతని భార్య అంజమ్మ కాలనీలో అందరికీ గర్వంగా చెప్పుకునేది.

నేను ఉప్పల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాని. ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరిగేవాణ్ణి. కూరగాయల బళ్లు, మెట్రో మెట్ల మీద నీడలు, వానలో ఆటోలు, ఏది కనబడితే అది తీసేవాణ్ణి. అప్పట్లో ప్యానింగ్ నేర్చుకుంటున్నాను. కదిలే మనిషితో పాటే కెమెరానూ తిప్పుతూ తీస్తే మనిషి స్పష్టంగా పడతాడు, వెనకాల వీధంతా గీతల్లా సాగిపోతుంది. చెయ్యి కుదరడమే కష్టం.

ఆ ఆదివారం పొద్దున సత్తయ్య మా ఇంట్లో బట్టలిచ్చి బండి దగ్గరికి బయల్దేరాడు. నేనే ఆపాను. వెనక్కి మలుపు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి నా ముందుగా తొక్కుకుంటూ రమ్మన్నాను. నవ్వుకుంటూ వెళ్లాడు. మొదటి ఫొటో మొత్తం అలుక్కుపోయింది. రెండోదీ కెమెరా తెర మీద మసకగానే అనిపించింది. "ఇంకొక్కసారి సత్తయ్యా" అన్నాను.

మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు. మలుపు దాకా వెళ్లాలంటే వచ్చే బళ్లకు ఎదురు తొక్కాలి. నాకు తెలీదా? తెలుసు. రెండుసార్లు ఏమీ కాలేదుగా అనుకున్నాను. అసలు ఏమైనా అనుకున్నానా, లేక ఫొటో తప్ప నాకేమీ కనబడలేదా? మూడోసారి వెళ్తుంటే మలుపు దగ్గర అతన్ని నీళ్ల ట్యాంకర్ కొట్టేసింది.

జనం పరుగెత్తారు. నేను ముందు కెమెరాను సంచిలో పెట్టాను. ఆ తర్వాతే పరుగెత్తాను.

ఆ మలుపు సందులో కల్లు కంపౌండ్ ఉంది.

మర్నాడు దవాఖానాకు వెళ్లాను. సత్తయ్య కాలు విరిగింది, తలకూ దెబ్బ తగిలింది. అంజమ్మ నన్ను చూడగానే లేచింది.

"సార్, మీ ఇంట్ల బట్టలిచ్చినంక సీదా బండి కాడికి రావాలె గదా. ఆ సందు దిక్కు ఎందుకు వొయ్యిండు? మీరేమన్న సూసిన్రా?"

"లేదమ్మా. బట్టలిచ్చి వెళ్లిపోయాడు. తర్వాత నేను చూడలేదు."

మంచం మీంచి సత్తయ్య నెమ్మదిగా అన్నాడు. "నాకు యాది లేదు అంజమ్మా. నిన్న పొద్దుగాల ఏమైందో ఏం యాదికొస్తలేదు. కల్లుకే పోతున్ననేమో. పానం గుంజిందేమో."

"బిడ్డ మీద ఒట్టేస్తివి గదయ్యా" అందామె. అతను గోడవైపు తల తిప్పుకున్నాడు.

అక్కడ ఒక్క వాక్యం చాలు. ఎందుకు చెప్పలేదు? కేసవుతుందనా? అది కొంత. అంజమ్మ అతన్ని చూస్తున్న చూపు నా వైపు తిరుగుతుందనే అసలు భయం. చెయ్యని తప్పును అతను తనంతట తానే ఒప్పుకుంటుంటే, నాకు ఊరట కలిగింది. ఇది రాయడానికే అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

అతని కాలు మళ్లీ మునుపటిలా కాలేదు. ఇస్త్రీ అంజమ్మే చేసేది, అతను స్టూలు మీద కూర్చుని మడతలు పెట్టేవాడు. కూతురు తండ్రితో మాట్లాడ్డం మానేసింది. నేను కనబడితే సత్తయ్య తల దించుకునేవాడు, నా ముందు! నేను దిండు గలేబులు కూడా ఇస్త్రీకి పట్టుకెళ్లేవాణ్ణి. దాంతో ఏం తీరుతుందనుకున్నానో నాకే తెలీదు.

తర్వాత వాళ్లు పీర్జాదిగూడకు మారారు. పోయిన నెల ఉప్పల్ మార్కెట్లో అంజమ్మ కనబడింది. కూతురికి కొడుకు పుట్టాడట. ఒట్టు తప్పిన చేతుల్లో బిడ్డను పెట్టనని తాతను ఎత్తుకోనివ్వలేదట. సంచిలో టమాటాలు సర్దుకుంటూ మామూలుగా చెప్పింది. వాళ్లిల్లు ఎక్కడో అడిగి తెలుసుకున్నాను.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆ రోజు జరిగింది నిలబడే చెప్పాను. సత్తయ్య చేతిలోని చొక్కా మడత పెట్టడం ఆపి విన్నాడు. ఫోన్ తీసి కూతురికి కలిపి నా చేతిలో పెట్టాడు.

"నాకు జెప్పింది నా బిడ్డకు చెప్పుండ్రి."

చెప్పాను. తర్వాత "నాయనకియ్యుండ్రి" అంది. అతను ఫోన్ చెవికి పెట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. క్షమించమని అడగడానికి అంజమ్మ వైపు తిరిగాను. "మీరు పోండ్రి సార్" అంది. వచ్చేశాను.

వాళ్లకు చెప్పలేకపోయింది ఇంకొకటుంది. ప్రమాదం జరిగిన రోజు సాయంత్రం ఆ రెండో ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. ఎండలో చిన్న తెర నన్ను మోసం చేసింది. సత్తయ్య చొక్కా గుండీలతో సహా స్పష్టంగా పడ్డాడు. వెనకాల వీధి నేను కోరుకున్నట్టే గీతలై సాగింది.

మూడోసారి వెళ్లాల్సిన అవసరమే లేదు.

ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాసి, పైకి చదివాను. చివరిదాకా చదవగలిగాను.