నిండు నిమిషం

కోటుకు గుచ్చిన గడియారాన్ని చూచుకోనిదే పెద్ద సిస్టరు ఊపిరైనా పీల్చదని వార్డులో ప్రతీతి. నాడిని పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తుంది. ముప్పది మంచాలూ ముగించి, కాఫీ చల్లారకముందే కుర్చీ చేరుతుంది. కొత్తగా చదువు ముగించి వచ్చిన నర్సు మాత్రం ఒక్కొక్క మణికట్టునూ నిండు నిమిషం పట్టుకొని, పెదవులు కదుపుతూ, అన్ని పనులకూ ఆలస్యమవుతుంది. "ఏమ్మా, ఆ చెయ్యి ఇక వదలవా? తాతగారికి మళ్ళీ పెళ్ళి మీద ఆశ పుడుతుంది" అని పెద్ద సిస్టరు దెప్పేది. ఆ పిల్ల ఉద్యోగం నిలిచేదీ ఊడేదీ తేల్చే కాగితం పైకి వెళ్ళవలసిన రోజున, పెద్ద సిస్టరు లోపాల గడిలో 'నిదానం' అని వ్రాసి సంతకానికి కలమెత్తింది.

ఇంతలో ఆ పిల్లే వచ్చింది. "మేడం, ఆరో మంచం తాతగారి నాడి మధ్యలో ఎప్పుడో ఒకసారి ఆగి కొడుతోంది. రెండుసార్లు చూశాను."

పెద్ద సిస్టరు విసుగుతో వెళ్ళి చెయ్యి పట్టింది. పదిహేను సెకన్లు సలక్షణంగా గడిచాయి. పిల్ల చూస్తున్నదని మాత్రమే వదలలేదు. నలభయ్యో సెకను దగ్గర నాడి తప్పింది. కబురందిన డాక్టరు పరుగున వచ్చాడు. మంచానికి వేలాడే చీటీలో మూడు రోజులుగా పెద్ద సిస్టరు చేవ్రాలుతోనే డెబ్బదిరెండు నిశ్చింతగా కూర్చున్నది.

ఆమె బల్ల దగ్గరకు వచ్చి, లోపాల గడిలోని మాట కొట్టివేసి, దానినే సుగుణాల గడిలో వ్రాసి సంతకం చేసింది. "నిమిషమంటే అరవై సెకన్లేనమ్మా, అరవై ఒకటి కాకూడదు" అని పిల్లను గట్టిగా మందలించి, కాఫీ చల్లారుతున్నా, ఒకటో మంచం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.