ఆకలి లేని వంటమనిషి

మా మరదలికి జీర్ణాశయం లేదు. ఇది తిట్టు కాదు, డాక్టర్లే కోసి తీసేశారు. ఆమె నా తమ్ముడి పెళ్ళాం. ఆడపడుచుగా ఆమెను తిట్టాలంటే నాకు వేరే కారణాలు బోలెడున్నాయి.

మేమిద్దరం బట్టలు కుట్టే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేస్తాం. నేను కిటికీ దగ్గర కూర్చుని టోకెన్లు చింపి ఇస్తాను. ఆమె వండి వడ్డిస్తుంది. చేతిలో ఎప్పుడూ పొడుగాటి గరిటె ఉంటుంది కాబట్టి అందరూ గరిటక్క అంటారు. మధ్యాహ్నం సైరన్ మోగగానే లైను తలుపు దాటి మెట్ల మీదికి పాకుతుంది. అందులో చివరి మనిషి తిని చేయి కడుక్కునే దాకా ఆమె మెతుకు ముట్టేది కాదు. ఇంట్లోనూ అదే వరస.

పోయిన ఏడాది ఆమె జీర్ణాశయంలో గడ్డ బయటపడింది. క్యాన్సర్ అన్నారు, జీర్ణాశయం మొత్తం తీసేయాలన్నారు. పొట్టే లేకుండా మనిషి ఎలా బతుకుతుందని డాక్టరమ్మ మీద ఎగిరాను. ఆవిడ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అన్నీ కడుపే అరిగిస్తుందని మనం అనుకుంటాం గానీ, జీర్ణాశయం ముఖ్యంగా చేసేది తిన్నదాన్ని నిల్వ పెట్టడం, పుల్లటి రసం కలిపి మెత్తగా చేయడం, కొంచెం కొంచెంగా కిందికి వదలడం. అసలు అరుగుదలంతా చిన్నపేగులోనే. కాలేయం నుంచి పిత్తరసం, క్లోమం నుంచి ఇంకో రసం వచ్చి కలిసేదీ అక్కడే, తిన్నదాని సారం నెత్తురులోకి ఎక్కేదీ అక్కడే. పెద్దపేగు మిగిలిన నీటిని పీల్చుకుని పిప్పిని బయటికి పంపుతుంది. అందుకని అన్నవాహికను తెచ్చి నేరుగా చిన్నపేగుకే కుట్టేస్తామంది. వింటుంటే ఏదో గొట్టాల పనిలా ఉంది నాకు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు తంటా తర్వాత మొదలైంది. గోదాము లేని కొట్టులో సరుకంతా ఒక్కసారి దింపేస్తే ఏమవుతుంది? ఆమె ఇక రోజంతా కాస్త కాస్త తినాలి. జీర్ణాశయం చేసే రుబ్బుడంతా పళ్ళే చేయాలి. ఒకరోజు మా తమ్ముడు ప్రేమ కొద్దీ తియ్యటి పళ్ళరసం గ్లాసు నిండా ఇచ్చాడు. అది సరాసరి పేగులోకి జారిపోయి, చెమటలు పట్టి, గుండె దడదడలాడి ఆమె మంచం మీద వాలిపోయింది. వాణ్ణి ఆ రోజు నేను చెడామడా తిట్టాను.

ఇవన్నీ అలవాటవుతాయి. అలవాటు కానిది ఒకటుంది. ఆకలేస్తోందని మెదడుకు కబురు పంపేది కూడా ఎక్కువగా జీర్ణాశయమేనట. అది పోవడంతో ఆమెకు ఆకలన్నదే లేకుండా పోయింది. మేమేమో ఆకలేస్తోందా అని అడిగేవాళ్ళం. లేదనేది. సరే, కాసేపాగి తిందువుగానిలే అనేవాళ్ళం. మా ఇంట్లో తిండికి పిలిచే మాటే అది, ఇంకో మాట మాకు రాదు. అలా అడుగుతూ అడుగుతూ ఉండగానే మనిషి చిక్కి సగమైంది. చేతి గడియారం మోచేతి దాకా జారేది. డాక్టరమ్మ బరువు చూసి, ఇంకా తగ్గితే మనిషి దక్కదని మొహమాటం లేకుండా చెప్పింది. ఆకలి సంగతి అడగొద్దు, గడియారం చూసి తినిపించండి అంది.

నేను గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. ఉడికించిన గుడ్డులో సగం, మెత్తటి అన్నం కాస్త. ఆమె ముద్దను వేళ్ళతో తిప్పుతూ గోడకేసి చూసేది. ఒకరోజు ఒళ్ళు మండి, నీకసలు బతకాలని ఉందా లేదా అని అడిగేశాను.

"ఉంది వదినా," అంది. "కానీ ఆకలి లేకుండా తింటుంటే ఎవరి వాటానో తినేస్తున్నట్టుంది. పిల్లల చిన్నప్పుడు కూర చాలనప్పుడల్లా నాకు ఆకలి లేదనేదాన్ని. అప్పుడు కడుపులో పేగులు అరిచేవి. ఇప్పుడు నిజంగానే లేదు."

నా నోరు తెలిసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఏడుపొచ్చి, గిన్నె అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాను.

మా తమ్ముడు బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. పొద్దంతా ఇనుముతో కుస్తీ పట్టి, ఇంటికొస్తూనే తిండి మీద పడతాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఆమె గిన్నె పక్కకు నెట్టడం చూసి తనూ పళ్ళెం పక్కకు జరిపాడు. తనకూ ఆకలిగా లేదులే అన్నాడు, ఎటో చూస్తూ. ఆమె చటుక్కున తలెత్తింది. ఆ మాట ఎలా అంటారో, అనేటప్పుడు చూపు ఎక్కడ దాచుకుంటారో ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు?

"నా దగ్గరా ఈ అబద్ధం? తినండి," అంది.

"నువ్వు తిను, తింటా," అన్నాడు వాడు.

ఆమె గిన్నె దగ్గరికి లాక్కుంది. ఏడుస్తూనే నమిలింది, ఏడుస్తూనే మింగింది. వాడి పళ్ళెం ఖాళీ అయ్యాక కూడా ఆమె ఇంకా నములుతూనే ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

బరువు తగ్గడం ఆగింది. తర్వాత నెమ్మదిగా కాస్త పెరిగింది కూడా. పనికి వెళ్ళొచ్చు గానీ తిండి వేళ తప్పితే కథ మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరమ్మ హెచ్చరించింది. నాకు భయం పట్టుకుంది. ఇంట్లో మొగుడి కోసం తినడం వేరు, అంతమంది ఆకలి ముఖాల ముందు కూర్చుని తనకోసం తినడం వేరు. పైగా సైరన్ మోగే వేళే ఆమె తినాల్సిన వేళ.

మొదటి రోజు వంట సిద్ధమైంది, సైరన్ మోగింది. నేను టోకెన్లు చింపుతూ ఓరకంట చూస్తున్నాను. లైను బల్ల దాకా వచ్చేసరికి ఆమె స్టూలు లాక్కుని, అందరూ చూస్తుండగా, అన్నం డేగిసా పక్కనే కూర్చుంది. గిన్నె తెరిచి, తల వంచుకుని నమలసాగింది. లైనులో గుసగుసలు మొదలయ్యాయి. ముందున్న కటింగ్ మేస్త్రి కాసేపు చూసి, ఆకలి చంపేస్తోందక్కా, కాస్త వడ్డించేసి తినరాదా అన్నాడు.

అతని సంగతి చూద్దామని నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆగమంది. నోట్లోది పూర్తిగా నమిలి మింగి, తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"నీకు ఆకలేస్తోంది, ఎంత అదృష్టం," అంది. "కాస్త ఆగు. నేను తినాలి."

ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. లైనంతా నిలబడే ఉంది.