అక్షింతలు వేయని మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పదకొండు రోజులయింది. మెదక్‌లో ఉన్న చుట్టాలందరికీ కబురు అందింది. వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు ఉత్తరం రాశారు. నాకే ఇంకా ఆ కబురు అందనట్టుంది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. ఇది రాయడానికి కూర్చున్నాక కూడా రెండుసార్లు లేచి పొయ్యి చూసొచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆమె మంచిది అని రాస్తే ఆమెకే నచ్చదు. "మంచిదాన్నని నీకెవరు చెప్పిన్రు?" అని అడిగే మనిషి. అందుకని మా ఇద్దరి మధ్య ముప్పై ఏళ్ళు నలిగిన ఒక్క సంగతి చెబుతాను. అది నా పెళ్ళిచీర సంగతి.

నా పెళ్ళి పోలీసు యాక్షన్‌కు నెల ముందు కుదిరింది. అప్పుడు మెదక్ బజారులో ఉప్పు దొరికితే పండగే. కిరసనాయిలు లేదు, బట్ట లేదు. కంట్రోలు దుకాణం ముందు పొద్దున్నుంచి నిలబడితే ఇంటికొక ధోవతి ఇచ్చేవాళ్ళు. తుపాకులు పట్టుకుని ఊళ్ళ మీద పడేవాళ్ళకు భయపడి మా బాపు ఎడ్లబండిని కిరాయికి తోలక రెండు నెలలయింది. చేతిలో పైసా లేకపోయినా పెళ్ళి ఆపడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "గీ దినాలల్ల పెండ్లీడు పిల్లను ఇంట్ల పెట్టుకుంటే నాకు నిద్ర రాదు. శ్రావణం దాటితే ముహూర్తాలు లేవు," అన్నాడు. మగపెళ్ళివారిది పాపన్నపేట పక్కన పల్లె. పెళ్ళిచీర తేవలసింది వాళ్ళే. కానీ వాళ్ళకు దగ్గరలో దుకాణమే లేదు. "చీర మీరే చూస్కోండ్రి," అని మనిషితో చెప్పి పంపారు.

అన్నీ నేనే చేసుకుంటానన్నాను. వెనకింటి బీబీ, పీర్ల పండుగకు తెచ్చి మిగిలిన రంగు కాగితాలు పెట్టెలోంచి తీసిచ్చింది. వాటిని జెండాల్లా కత్తిరించి, చింతగింజల అంబలి కాచి సుతిలి తాడుకు అంటించాను. జొన్న బెండు చెక్కి, చాయ్‌పత్తా పొట్లం లోపలి తగరపు కాగితం చుట్టి బాసింగాలు చేశాను. పందిరికి తంగేడు పూలు, అవి దారి పక్కన ఊరికే దొరుకుతాయి. "నా బిడ్డ కాగితం ముక్కలతోని గుడ కల్యాణమండపం కడుతది," అని బాపు మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

చీరకు రెండు ధోవతులు కావలసి వచ్చాయి. ఒకటి కంట్రోలులో దొరికిన కొత్తది. ఇంకొకటి బాపుది, చాకలామె చౌడుమట్టి పెట్టి ఉతికి తెల్లగా చేసి ఇచ్చింది. రెండింటినీ అతికి కుట్టేశాను. పెళ్ళిబట్టకు సూది తగలకూడదని మాలో పట్టింపు. అతుకు ఎలాగూ కుచ్చిళ్ళలో దాగుతుంది, పసుపులో ముంచితే అసలే కనిపించదు అనుకున్నాను. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం పెరట్లో గంగాళం నిండా పసుపు నీళ్ళు కలిపి చీర ముంచాను. తీసి చూస్తే సగం పసుపు, సగం ఎరుపు. చౌడు తగిలిన ధోవతి మొత్తం ఎర్రబారింది. సరిగ్గా అతుకు దగ్గర గీత గీసినట్టు రంగులు విడిపోయాయి. ఆ రోజుల్లో బట్ట మీద ఎరుపు చూస్తే ఎవరికైనా నెత్తురే గుర్తొచ్చేది, ఇక పెళ్ళిబట్ట మీద చూస్తే చెప్పాలా! ముహూర్తం మర్నాడు పొద్దున. ఇంకో చీర లేదు, తెచ్చే దారి లేదు. గంగాళం పక్కన కూలబడి ఏడ్చాను.

అప్పుడు వచ్చింది మా అత్తమ్మ. మగపెళ్ళివారి విడిది పక్కిల్లే, రెండిళ్ళకూ బావి ఒకటే. చెంబు పట్టుకుని నీళ్ళకోసం వచ్చి నన్నూ చీరనూ చూసింది. ఆమె భర్త పోయి అప్పటికి ఐదేళ్ళు. బోసి నుదురు, బోసి చేతులు. వంగి చీర లాగి చూసి, అతుకు మీద బొటనవేలు రాసింది.

"ఎవరు కుట్టిన్రు?"

"నేనే."

"లోపలికి పో. మొఖం కడుక్కో. మీ అమ్మను రమ్మను."

అంతే అంది. అమ్మను పంపి, గోడకానుకుని కూర్చున్నాను. పెళ్ళి తప్పిపోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి బయటికొస్తే చీర దండెం మీద ఆరుతోంది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే పసుపు.

"చింతపులుసుల పిసికితే ఎరుపు పోయింది," అంది అమ్మ, నా వైపు చూడకుండా.

"ఆమె ఏమన్నది?"

"ఏమనలే. పో, నలుగు పెట్టించుకో."

పెళ్ళి జరిగింది. జీలకర్ర బెల్లం, పుస్తెలు, తలంబ్రాలు, అన్నీ జరిగాయి. అందరూ అక్షింతలు వేశారు. ఆమె ఒక్కతే వేయలేదు. పందిరి గుంజ దగ్గర, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది. భర్త లేని మనిషి ముందుకు రాదు, అది తెలిసిందే. కానీ కన్నతల్లి కదా, దూరం నుంచైనా నాలుగు గింజలు విసరదా? పెళ్ళికొడుకు మేనత్త పళ్ళెం చాపితే తల అడ్డంగా ఊపింది. బంతిలో భోజనానికి కూడా కూర్చోలేదు. సూది తగిలిన చీర కట్టుకొచ్చిన కోడలికి దీవెనెందుకు అనుకుంటోందని నేను తేల్చేసుకున్నాను.

కాపురానికి వెళ్ళిన రోజునుంచి ఎదురుచూడటం మొదలుపెట్టాను, ఆ మాట ఎప్పుడు నా మొహాన కొడుతుందా అని. మేం తక్కువ పోట్లాడుకోలేదు. ఉప్పు దగ్గర, పిడకల దగ్గర, నేను పారేసిన చింకిగుడ్డల దగ్గర. దుబారా అంటే ఆమెకు ఒళ్ళుమంట. పోట్లాట ముదిరిన ప్రతిసారీ ఇదిగో ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని కాచుకుని ఉండేదాన్ని. అనేది కాదు. అననందుకు ఇంకా కోపం వచ్చేది నాకు. మా పెద్దబ్బాయికి అమ్మవారు పోసినప్పుడు ఇదంతా ఆ అతుకు వల్లేనని లోలోపల కుమిలిపోయాను. పన్నెండు రోజులు వేపమండ పట్టుకుని వాడి పక్కనుంచి కదలనిది ఆమే. అప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఎవరైనా చాడీలు మోసుకొస్తే చాట తెచ్చుకుని దబదబ చెరగడం మొదలుపెట్టేది. వచ్చినామె మాట ఆమెకే వినపడక లేచి వెళ్ళిపోయేది. "కండ్లు చూసెటందుకే కాదు పిల్లా, మూసుకునెటందుకు గుడ," అనేది నాతో.

పోలీసు యాక్షన్ అయిన వారానికి ఆ మాటకు అర్థం కళ్ళారా చూశాను. తుపాకులవాళ్ళ మీది కోపం సాయిబులందరి మీదా తీర్చుకుంటున్న రోజులవి. మా పల్లెలో దూదేకులామె, ఇద్దరు పిల్లలతో మా కొట్టంలో గడ్డి వెనక దాక్కుంది. కర్రలు పట్టుకుని నలుగురు వచ్చి, ఎవరైనా ఉన్నారా అని అడిగారు. "ఉన్నయి, రెండు బర్లు. పాలు పిండుతరా?" అంది అత్తమ్మ, చాట దించకుండా. వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో అంత ఉక్రోషమూ వచ్చింది. ఊరందరికోసం కళ్ళు మూసుకునే మనిషి నా ఒక్క అతుకును ఎందుకు మరిచిపోదు అని.

మొన్న ఎండాకాలంలో మంచం పట్టింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తమ్మా, నా పెండ్లిల నువ్వు అక్షింతలెందుకు ఎయ్యలే? చీరకు సూది తగిలిందని కోపమొచ్చిందా?"

"ఏం చీర?" అంది. గుర్తొచ్చి, "గా ఎర్రచీరనా?" అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

"కోపమెందుకే. చేతులు బయటికి తియ్యరాకపాయె. మీ అమ్మ భయపడుతుండె. పులుసుల ఎంతసేపు పిసకాలెనో ఆమెకు తెల్వది. నేనే మోచేతులదాంక పెట్టి పిసికిన. పసుపంటింది. పోతదని బూడిద పెట్టి తోమితే కుంకుమ పూసినట్టు ఎర్రగయినయి. చౌడు తగిలితే ఎర్రగయితదని తెలిసినదాన్నే, బూడిద పెట్టిన చూడు! మొగడు పోయినదాని చేతులు గట్లుంటే పందిట్ల ఊకుంటరా? నేను ముట్టిన చీర అని నీ ఒంటిమీదికెల్లి విప్పిస్తుండిరి. మీ అమ్మతోని ఒట్టేయించుకున్న, ఎవ్వరికి చెప్పొద్దని."

"మరి నాకెందుకు చెప్పలే గిన్నేండ్లు?"

"నువ్వెందుకు అడగలే?"

లేచి పెరట్లోకి వెళ్ళాను, మళ్ళీ లోపలికి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. ముప్పై ఏళ్ళు ఆ చేతులతో వడ్డించిన అన్నం తిన్నాను. ఆ చేతుల మీదే అనుమానం పెంచుకున్నాను. సిగ్గనిపించింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె మంచం పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. చాటలోకి చెయ్యి చాపింది. రెండుసార్లు జారిపోయాక పిడికిట్లోకి కొన్ని గింజలు వచ్చాయి.

"గిట్ల రా. తల వంచు."

నాకు అర్థమయింది. "ఆగు, పసుపు కలిపి తెస్త," అన్నాను.

"వద్దు తల్లీ. మల్ల బూడిద పెట్టి తోమాలె."

తల వంచాను. చెయ్యి ఎత్తి విసిరింది. సగం నా మీద, సగం మంచం మీద, కింద పడ్డాయి. పెదవులు కదిలాయి, ఏమందో వినపడలేదు. నేను అలాగే వంగి ఉండిపోతే వీపు మీద ఒక్కటి చరిచింది.

"చూస్తవేంది? ఏరు. బియ్యం ఉత్తగొస్తున్నయా?"

దుప్పటి మీదివి ఏరాను, మంచం కిందివి ఏరాను. తల మీద పడినవాటి జోలికి పోలేదు. నెరిసిన జుట్టులో ఆ గింజలతోనే ఆ పూటంతా ఇంటిపనులన్నీ చేసుకున్నాను.