సంచి తెరవని గంట

వెంచర్లకు ఫొటోలు తీసే పనిలో పడి తొమ్మిదేళ్లయింది. శంషాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మేవాళ్లకు బ్రోచర్లు కావాలి, ఆ బ్రోచర్లలో నేల పచ్చగా ఉండాలి. ముళ్లకంపలు, రాళ్లు, గుంతలు అన్నీ కంప్యూటర్లో చెరిపేస్తాను. పసుపు కుంకుమ పెట్టిన గుండు, అదే పెద్ద బండరాయి, కనిపిస్తే ముందు అదే పోవాలి. ఇదేదో దేవుడి జాగా అని కొనేవాళ్లు జంకుతారట. మొదట్లో చెయ్యి ఆడేది కాదు, తర్వాత అలవాటైంది. పోయిన ఏడాదికల్లా నాకోసం ఒక్క ఫొటో కూడా తీసుకోలేని స్థితికి వచ్చాను. ఎటు చూసినా ఏం చెరపాలో అదే కనిపించేది. కెమెరా అమ్మేసి ఏదైనా ఆఫీసులో కూర్చుందామని దాదాపు ఖాయం చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే రాజేంద్రనగర్‌లో ఒక పెద్దాయన మాట్లాడతారని తెలిసి వెళ్లాను. జీవితమంతా దక్కను కొండలనూ చెరువులనూ ఫొటోలు తీసిన మనిషి. ఆయన కుర్చీలో సర్దుకుని, "నేను యాడికి పోయినా మొదటి గంట కెమెరా సంచి తెరవ. ఊకనే కూసుంట. ఏం తియ్యాల్నో ఆ జాగకు ఎరుక, మనకు ఎరుక లేదు" అన్నారు. ఇంత దూరం ఆటోలో వచ్చింది దీనికా అని నాకు ఒళ్లు మండింది. "మాకు పొద్దుగూకేలోపల నాలుగు సైట్లుంటయి సార్" అని లేచి అనేశాను కూడా. ఆయన నవ్వారు. "గట్లయితే ఒక్కసారి కూసో, సాలు."

నెల తర్వాత రావిర్యాల వైపు ఒక వెంచర్‌కు వెళ్లాను. రెండేళ్ల కింద నేనే తీసిన జాగా, రెండో విడత ప్లాట్లకు కొత్త బ్రోచర్ కావాలట. నడుం నొప్పి, ఎండ, పైన విమానాల మోత. ఆయన మాట మీద గౌరవంతో కాదు, నిజం చెప్పాలంటే ఓపిక లేకే కూర్చుండిపోయాను.

అరగంటకు మేకలను తోలుకుంటూ ఒక అవ్వ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఫొటోలు తీస్తవా బిడ్డా? ఇంతకుముందు గూడ ఎవరో తీసిన్రంట. అండ్ల మా గుండు పడ్డదా?"

ఆ నేల వాళ్ల పొలమేనట. ఏటా విత్తనం వేసే ముందు గుండుకు పసుపు పెట్టి, పిడికెడు జొన్నలు పోసేవాళ్లు. పొలం అమ్మాక దాన్ని మందుపెట్టి పగలగొట్టారు. "ఫొటో ఉంటె ఇంట్ల పెట్టుకుంటుంటి" అంది.

ఆ గుండు నాకు గుర్తుంది. ఫోన్లో పాత బ్రోచర్ తెరిచి ఇచ్చాను. ఆమె కళ్లు చికిలించి, తెర మీద వేలు జరుపుతూ వెతికింది. పచ్చగడ్డి దగ్గర వేలు ఆగింది. "ఈడనే ఉండాలె గదా?"

"నేనే తీసేసిన అవ్వా. కంప్యూటర్ల జాగ లేదని అసలుది గూడ ఉంచుకోలే."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీదేముంది బిడ్డా, వాళ్లు జెప్పిన్రు, నువ్వు జేసినవ్" అని లేచి, హద్దురాళ్ల నడుమకు పోయి నిలబడింది. "గిక్కడ. గింత ఎత్తు" అంటూ చెయ్యి పైకెత్తింది. అది చాలక మునివేళ్ల మీద లేచింది.

"అట్లనే ఉండు అవ్వా" అని కెమెరా తీశాను.

ఎన్నాళ్లకో నాకోసం తీసుకున్న ఫొటో అది. ఆమెకు చూపిస్తే చాలాసేపు చూసింది.

"ఆఁ, గంతనే ఉండె" అంది.