ఫిట్ అని రాసిన ఛాతీ

మెట్‌పల్లి దగ్గరి హనుమండ్లు పద్నాలుగేళ్లు షార్జాలో ఊరివాళ్లెవరూ చూడని గోడలు కట్టాడు. సొంతింటి వంటగదికి సున్నం వేయడానికి మాత్రం ఒక్క సెలవూ చాలలేదు. మనిషి మంచివాడే. కాకపోతే ఇంటికి ఏది మంచిదో తనొక్కడికే తెలుసనుకునే మొండిఘటం. ఆ మొండితనమే కొంప ముంచింది.

ఐదేళ్ల కిందట సెలవులో వచ్చినప్పుడు దగ్గితే రక్తం పడింది. మెట్‌పల్లిలో ఎక్స్‌రే తీసిన డాక్టరు, "ఊపిరితిత్తిల మచ్చ ఉన్నది, కరీంనగర్ పోయి చూపించుకో" అన్నాడు. మచ్చంటే టీబీ, టీబీ అంటే వీసా గల్లంతు అనుకున్నాడు హనుమండ్లు. ఆ ఎక్స్‌రేను దారిలోనే పారేశాడు. ఇంట్లో చెప్పలేదు. ఏజెంటు మాట విని, కొత్త వీసాకు కావలసిన గల్ఫ్ మెడికల్ పరీక్షకు తన పేరు మీద బామ్మర్ది సంపత్‌ను పంపాడు. సంపత్‌కు ఏ జబ్బూ లేదు. ఫిట్ అని రాశారు, బావ విమానమెక్కాడు.

ఆ తర్వాత ఎంత దగ్గు వచ్చినా సిమెంటు దుమ్మునే తిట్టుకున్నాడు. చివరికి ఊపిరి ఆడక తిరిగొస్తే, కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి కుడి ఊపిరితిత్తి కింది భాగం, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు తీసేశారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు గదిలో భార్య నవనీత, సంపత్ కూడా ఉన్నారు.

"ఇది కార్సినాయిడ్ అనే గడ్డ. నెమ్మదిగ పెరిగే రకమే, మొత్తం తీసేసినం. కానీ రెండు గ్రంథులకు పాకింది. పాకకముందే వస్తే ఆపరేషన్‌తోనే దాదాపు అయిపోతుండె" అన్నాడు డాక్టరు. "పాత ఎక్స్‌రే ఏమన్న ఉన్నదా?"

నవనీత సంచిలోంచి గల్ఫ్ మెడికల్ ఎక్స్‌రే తీసింది. ఇన్నేళ్లూ దాన్ని చీరల మధ్య భద్రంగా దాచింది, పిచ్చిది.

డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి మొహం చిట్లించాడు. "ఐదేండ్ల కింద ఏం లేదా? అయితే ఇది రిపోర్టుల రాసినంత నెమ్మదిది కాదు. తీసిన గడ్డ ముక్క మళ్ల పరీక్షకు పంపాలె. కీమో గూడ ఆలోచించాలె."

సంపత్ తల దించుకున్నాడు. హనుమండ్లు నోరు మూసుకుంటే అక్కర లేని మందు ఒంట్లోకి ఎక్కుతుంది. తెరిస్తే భార్య ముందు పరువు పోతుంది. చివరికి తెరిచాడు.

"సారూ, గా ఎక్స్‌రే నాది కాదు. సంపత్‌ది. నాకు గప్పటికే మచ్చ ఉండె."

డాక్టరు కోపంగా చూసి, మెల్లగా అన్నాడు: "అయితే నెమ్మదిదే. కీమో అక్కర పడకపోవచ్చు. కానీ ఏండ్ల తరబడి స్కాన్లు తప్పయి. మళ్ల రాదని నేను చెప్పలేను."

నవనీత తమ్ముడి వైపు కన్నెత్తి చూడకుండా భర్తను అడిగింది.

"గప్పుడే నాకు చెప్తే, నిన్ను పోనిస్తునా?"

"పోనియ్యవనే చెప్పలే" అన్నాడు హనుమండ్లు.