కారు కాళ్ళు కోసిన ఖాదర్ మొహిద్దీన్

ఖాదర్ మొహిద్దీన్‌కు వెల్డింగు చెయ్యడమంటే ఎంత ఇష్టమో, ఎదుటివాణ్ణి ఆటపట్టించడమంటే అంత ఇష్టం. రెండింటినీ అతుకు కనబడకుండా చేసేవాడు. ముత్తుకూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. మద్రాసులో పెద్ద మోటారు వర్క్‌షాపులో పని నేర్చుకొచ్చానని చెప్పేవాడు. ఏ వర్క్‌షాపు అంటే, అడిగిన మనిషిని బట్టి పేరు మార్చేవాడు. పడవ లంగర్లూ, రైసుమిల్లు గొట్టాలూ, చివరికి మా హైస్కూలు గంట కూడా విరిగితే అతని దగ్గరికే వెళ్ళేవి. తెచ్చినవాణ్ణి ముందు ఎగాదిగా చూసి, "దీన్ని ఇరగ్గొట్టిందెవురు సామీ? మంచి పనోడే" అనేవాడు.

నేను ఆ స్కూల్లో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. అది పందొమ్మిదివందల అరవై ఒకటో సంవత్సరం. నా భార్య పుష్పకుమారికి నెలలు నిండుతున్నాయి. ఊళ్ళో పురుళ్ళు పోసే నర్సు రెబెక్కమ్మ పొట్ట తడిమి చూసి, "బిడ్డ తల పైకుండాది. నొప్పులు మొదలైతే ఈడ కూర్చోబాకండి. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపొండి" అంది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అది కూడా దాని ఇష్టం. ఇక ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కారు రైసుమిల్లు చెంచురామయ్య గారిది, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన ఫోర్డు. వెళ్ళి అడిగితే, "అర్ధరాత్రయినా సరే అయివారూ, నేనే తోలకపోతా" అని మాటిచ్చాడు.

మాటిచ్చిన వారానికే ఆయన కారును కల్వర్టు రాతికి గుద్దేశాడు.

ఆ కారుకి ముందు చక్రాల దగ్గర చెరో పక్క ఓ లావుపాటి ఉక్కు గొట్టం నిలువుగా ఉంటుంది. బండి బరువంతా దాని మీదుగా చక్రానికి దిగుతుంది. లోపల నూనె, చుట్టూ స్ప్రింగు. ఖాదర్ దాన్ని కాలు అనేవాడు. గుద్దిన దెబ్బకి ఎడమ కాలు వంగిపోయింది. కొత్తది మద్రాసులో దొరకలేదు, బొంబాయిలోనూ లేదన్నారు. ఖాదర్ నూనె వంచేసి, గొట్టాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, వంగిన మేర కోసి పారేసి, మిగిలిన రెండు ముక్కల్నీ కలిపి గ్యాసుతో అతికాడు. లోపలి సరంజామాని కూడా అంతే కురచ చేశాడు. పని బాగానే కుదిరింది గాని, కాలు రెండంగుళాలు పొట్టిదైంది.

"కుడిది కూడా అంతే కోస్తే సమానంగా నిలబడతాది" అన్నాడు ఖాదర్.

చెంచురామయ్య గారు మండిపడ్డాడు. "ఇరిగిన కాలికి కట్టు కట్టమంటే మంచి కాలు నరుకుతానంటావా? నువ్వు వైద్యుడివా, కసాయోడివా?"

కారు అట్లాగే ఇంటికి పోయింది, ఎడమ పక్కకి ఒరిగి.

నిండు చూలాలిని ఎక్కించాల్సిన బండి అది. ఒరిగిన బండికి బ్రేకు వేస్తే ఒకవైపు లాగుతుందని నాకు భయం. కాగితం మీద బొమ్మలు గీసి, బాణాలు పెట్టి ఖాదర్‌కు చూపించాను. అతను ఆ కాగితాన్ని తిరగేసి పట్టుకుని, "బొమ్మ బాగుండాది అయివారూ, ఇది కొంగా?" అన్నాడు. "కంగారు పడబాకండి. ఆయనే పరిగెత్తుకుంటా వచ్చి కొయ్యమంటాడు. చూస్తుండండి."

అతను చేసిన పని ఇది. చెంచురామయ్య గారు మిల్లుకి వెళ్ళే దారిలో, ఎడమ చేతి వైపు కామాక్షయ్య గారి ఇల్లు ఉంది. పంచాయతీ ఎన్నికల్లో పోటీ పడినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సరిగ్గా ఆ ఇంటి ముందు రోడ్డు గుంట పడి ఉంది. కారు అక్కడికి రాగానే పొట్టికాలు గుంటలో దిగి, బండి ఎడమకు బాగా వంగి లేచేది. ఖాదర్ ఓ పొద్దున కామాక్షయ్య గారి అరుగు దగ్గర నిలబడి, మహా వినయంగా అన్నాడు.

"చెంచురామయ్య గారి కారు రోజూ మీకు దండం పెడతా పోతావుంది. మీరు దీవించకుండా గమ్మునుంటే మర్యాదగా ఉంటాదా సామీ?"

మర్నాడు కారు రాగానే కామాక్షయ్య గారు అరుగు మీద లేచి నిలబడ్డాడు. బండి వంగింది. ఆయన కుడి చెయ్యెత్తి, "చల్లగా ఉండు నాయనా" అన్నాడు. మూడో నాటికి ఆ అరుగు మీద చోటు దొరకలేదు. జనం చెంబుల్లో కాఫీ తెచ్చుకుని మరీ కూర్చునేవారు. చెంచురామయ్య గారికి సంగతి అర్థమైన పూట కారు తిన్నగా షెడ్డుకి వచ్చింది.

"కోసెయ్! రెండోది కూడా కోసెయ్!"

"మంచి కాలు గదా సామీ" అన్నాడు ఖాదర్ బాధ నటిస్తూ. "నాకు చేతులాడవే."

లోపల్నుంచి అతని భార్య మెహబూబున్నీసా, "చాల్లే నీ యాషాలు, గొట్టం అందుకో" అని కేకేసింది.

కారు దుంగల మీదికి ఎక్కింది. కుడి కాలు ఊడింది, రెండు ముక్కలైంది. అప్పుడే, మధ్యాహ్నం బడి గంట కొట్టే వేళకి పుష్పకుమారికి నొప్పులు మొదలయ్యాయి.

నేను షెడ్డుకి పరిగెత్తాను. నా మొహం చూసి ఖాదర్ చేతిలో పని ఆపేశాడు. అతని మొహాన నవ్వు లేకపోవడం అదే మొదటిసారి చూశాను. చెంచురామయ్య గారు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేను మాటిచ్చినానే" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"తొలికాన్పే గదా, కొంచెం టైముంటాది. రెబెక్కమ్మ ఏమనింది?" అడిగింది మెహబూబున్నీసా.

"పొద్దుగూకే లోపల ఆసుపత్రిలో ఉండాలంది."

ఖాదర్ గ్యాసు వెలిగించాడు. నల్లద్దాలు పెట్టుకుని, ముక్కల్ని ఆనించి, చుట్టూ తిప్పుతూ అతికాడు. అతుకు ఎర్రగా ఉండగానే తొందరలో నీళ్ళ బకెట్టు ఎత్తాడు. నేను అతని చెయ్యి పట్టేసుకున్నాను.

"నీళ్ళొద్దు ఖాదరన్నా! పెళుసైపోతుంది!"

"నాకు తెలీదా?" అన్నాడు గాని, బకెట్టు దించి దూరంగా నెట్టాడు. మెహబూబున్నీసా అప్పటికే మిల్లు నుంచి గోనెడు ఊకబూడిద తెప్పించింది. గొట్టాన్ని అందులో పాతిపెట్టారు. అది నిదానంగా చల్లారాలి. నిదానం అనే మాట నాకు అంత చేదుగా ఎప్పుడూ లేదు. ఇంటికీ షెడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పుష్పకుమారి పంటి బిగువున, "ఇంకా కాలు రాలేదా?" అని అడిగి, నొప్పిలోనే నవ్వింది.

చివరికి నూనె పోసి, కాలు బిగించి, బండిని దుంగల మీద నుంచి దించారు. పక్కలకి సమానంగానే నిలబడింది. కానీ ముందు కాళ్ళు రెండూ పొట్టివి, వెనక చక్రాలు ఎప్పటి ఎత్తులోనే ఉన్నాయి. కారు మూతి నేలకి వంచి, ఎదురుగా ఉన్న వాళ్ళందరికీ ఒకేసారి దండం పెడుతోంది.

చెంచురామయ్య గారు చూశాడు. ఖాదర్ వైపు చూశాడు. తిట్టడానికి టైము లేదు.

"నేను డిక్కీలో కూర్చుంటా సామీ, ఎనక బరువుంటే మూతి లేస్తాది" అన్నాడు ఖాదర్. అన్నట్టే ఎక్కి, డిక్కీ మూతని తలతో ఎత్తిపట్టి కూర్చున్నాడు. వెనక సీట్లో పుష్పకుమారి, పక్కన రెబెక్కమ్మ. నేను ముందు కూర్చుని, ప్రతి కుదుపుకీ ఆ అతుకు చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

కామాక్షయ్య గారి ఇంటి ముందు గుంట వచ్చింది. చెంచురామయ్య గారు పూర్తిగా నెమ్మది చేశాడు. కారు నిండుగా, మనసారా వంగింది. అరుగు మీద కామాక్షయ్య గారు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు. లోపల ఎవరున్నారో కనబడగానే నవ్వు మానేసి, "సుఖంగా పోయి రా తల్లీ" అన్నాడు.

చెంచురామయ్య గారు గేరు మారుస్తూ, "ఈ ఒక్కసారికి దండం పెట్టినాలే" అని గొణిగాడు.

పొద్దు వాలకముందే ఆసుపత్రికి చేరాం. కాసేపటికి అమ్మాయి పుట్టింది, కాళ్ళు ముందుగా. తల్లీ బిడ్డా క్షేమమని డాక్టరమ్మ చెప్పింది. బయట వరండాలో నిలబడ్డ ఖాదర్ జుట్టంతా దుమ్ము, నుదుటి మీద డిక్కీ మూత గీసిన గీత. సంగతి చెప్పగానే కళ్ళు తుడుచుకుని, మొహం కడుక్కొచ్చి, మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

"కాళ్ళు ముందా? అయితే బాగా చూసినారా అయివారూ, రెండూ సమానంగా ఉండాయా? లేకపోతే చెప్పండి, గ్యాసు తెస్తా."

చెంచురామయ్య గారు అతని వీపు మీద ఒక్కటిచ్చాడు. నేనూ నవ్వాను. కానీ లోపలికి వెళ్ళి, పుష్పకుమారి కళ్ళు మూసుకునే దాకా ఆగి, పిల్ల రెండు పాదాల్నీ పక్కపక్కన పెట్టి, జేబులోని స్కేలు తీసి కొలిచాను.

"ఏం, సమానంగా ఉన్నాయా?" అంది పుష్పకుమారి, కళ్ళు తెరవకుండానే.