పండగపూట కంప్రెసర్‌కి సెలవు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద, కొల్లేటి చెరువుల రొయ్యలను గడ్డకట్టించి పంపించే ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. రోజూ తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజర్‌లో వచ్చి పోతుంటాను. నా పని మీద నాకు గొప్ప నమ్మకం ఉండేది. ఏ స్విచ్చు ఎక్కడ ఉండాలో నాకంటే బాగా ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి.

సరుకు దాచే గదిలో చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంటుంది. నిప్పంటుకుంటే నీళ్ళు చల్లడానికి పైన పైపులున్నాయి. ఆ చలికి పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి వాటిలో గాలి నింపి ఉంచుతారు. ఆ గాలి ఒత్తిడికే గది బయటి వాల్వు మూసుకుని ఉంటుంది. గాలి తగ్గితే వాల్వు తెరుచుకుని నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. గాలి తగ్గకుండా చూసే పని మూలనున్న ఒక చిన్న కంప్రెసర్‌ది.

దానికి కరెంటు ఎలా ఇవ్వాలో డ్రాయింగుతో పాటు ఒక కాగితం వచ్చింది. బోర్డు నుంచి విడిగా లైను లాగాలి. దాని మీద ఒక్క లైటు కూడా వెయ్యకూడదు. బ్రేకరు ఆన్‌లో పెట్టి తాళం వెయ్యాలి. మధ్యలో స్విచ్చు ఉండకూడదు. లైను విడిగానే లాగాను, తాళమూ వేశాను. స్విచ్చు మాత్రం పెట్టాను. రిపేరుకి వచ్చినవాడు ప్రతిసారీ తాళంచెవి కోసం నా వెంట పడాలా అని, కంప్రెసర్ పక్కనే, చేతికందేట్టు పెట్టాను. అలాంటి కాగితాలు రాసేవాళ్ళు జన్మలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉండరని నా లెక్క. గాలి తగ్గితే మోగాల్సిన అలారం కూడా రేపు మాపు అంటూ కలపకుండా వదిలేశాను.

పోయిన దసరాకి ఆయుధ పూజ చేశాం. పూజ చేసిన మిషన్ని మర్నాటిదాకా నడపకూడదని మావాళ్ళ పట్టింపు. కానీ చలి మిషన్లు ఆపితే రొయ్యలు పాడైపోతాయి. మా ఆపరేటర్‌కి ఏటా అదే వెలితి. ఆయనది ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు, వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. పూజయ్యాక పసుపు చేతులతోనే నా దగ్గరికి వచ్చారు.

"ఏవండీ, పెద్దవాటిని ఎలాగూ ఆపలేం. ఈ చిన్నదానికన్నా ఇవాళ సెలవిద్దామాండీ?"

నాకు రైలు తొందర. "మీ ఇష్టమండీ" అని నవ్వేసి ఆటో ఎక్కాను.

పొద్దున వచ్చేసరికి గాలి కాస్త కాస్తగా కారిపోయి, వాల్వు తెరుచుకుని ఉంది. లోపల పైపుల నిండా మంచుగడ్డ. రెండుచోట్ల పైపు పగిలింది. సరుకంతా వేరే కోల్డ్ స్టోరేజీకి తరలించాల్సి వచ్చింది.

మేనేజర్ ఇద్దరినీ పిలిచి, ఆపిందెవరని అడిగారు.

"నేనేనండీ" అన్నారు ఆపరేటర్.

"అయితే రేపటినుంచి రావద్దండి."

ఇంకో రెండేళ్ళలో ఆయన రిటైరవుతారు. ఆ వయసులో కొత్తగా ఎవరూ పనిలోకి తీసుకోరు. సూపర్‌వైజర్ గారిని అడిగే ఆపానని ఆయన అంటారనుకున్నాను. అంటే ఏం బదులు చెప్పాలో కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను. ఆయన అనలేదు. నాకు సిగ్గేసింది.

ఆయన తన క్యారేజీ తెచ్చుకుని, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు.

"ఏవండీ, ఆ స్విచ్చు తీయించెయ్యండి. నా తర్వాత వచ్చేవాళ్ళు కూడా తెలియక ఆపేస్తారండీ."

నేను బీరువాలోంచి ఆ కాగితం తీసుకుని మేనేజర్ గదిలోకి వెళ్ళాను. "ఉండకూడని స్విచ్చు పెట్టింది నేనండీ. ఆపడానికి సరే అన్నదీ నేనేనండీ" అన్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివారు. నాకు మెమో ఇచ్చారు. ఆపరేటర్‌ని గేటు దగ్గర్నుంచి వెనక్కి పిలిపించారు.

స్విచ్చు నేనే విప్పి, ఆ ఖాళీ మీద రేకు బిగించాను. అలారం ఆ వారమే కలిపాను.

ఈ దసరాకి కంప్రెసర్ తిరుగుతుండగానే ఆపరేటర్ దానికి బొట్టు పెట్టారు. తర్వాత వంగి, ఆ రేకుకి కూడా ఒకటి పెట్టారు.

"దానికెందుకండీ?" అన్నాను.

"ఇవాళ సెలవులో ఉన్నది అదొక్కటేనండీ" అన్నారాయన.